హెల్మెట్ ఇనెవిటబుల్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక లోపలి పేజీలో కింద మూలన రోజూ ఇంగ్లిష్ మాటల పెట్టె ఒకటి వేస్తారు కదా, పది మాటలు, ఎదురుగా ఒక్కోదానికి తెలుగులో ఒక్కో అర్థం, ఆ పెట్టె గురించే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయ్యేలా ఉంది. కత్తిరించి వేసుకుంటారో అసలు వేయరో మీ ఇష్టం, చదవడం మాత్రం చివరిదాకా చదవండి.

నేను ఖమ్మంలో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతాను. సాయంత్రం ఐదున్నరకి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వస్తారు, వాళ్లు వెళ్లాక అమెరికా చదువుల కోసం జీఆర్‌ఈ రాసే బీటెక్ పిల్లలు ఇద్దరో ముగ్గురో వస్తారు. నాది పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్, తెలుగు మీడియం. ఇంగ్లిష్ నాకు డిగ్రీలో గానీ రాలేదు, అదీ ఏడుస్తూ వచ్చింది. అందుకే మీ పెట్టె మీద నాకు అభిమానం ఉంది, అది నేను చదువుకునే రోజుల్లో ఉండుంటే ఎంత బాగుండేదో అని కూడా అనుకుంటాను. మా పిల్లలందరికీ దాన్ని కత్తిరించి నోట్సులో అంటించమని చెప్పిందీ నేనే. కాబట్టి ఇది తిట్టే ఉత్తరం కాదు. సగం తప్పు నాది కూడా.

విషయం ఏంటంటే, ఆ మధ్య రోడ్డు భద్రత మీద పది వాక్యాలు రాయమంటే తొమ్మిదో తరగతి పిల్లాడొకడు 'వేరింగ్ హెల్మెట్ ఈజ్ ఇనెవిటబుల్' అని రాసుకొచ్చాడు. ఎక్కడిదిరా ఈ మాట అంటే దర్జాగా నోట్సు తెరిచి చూపించాడు. మీ పెట్టే. 'ఇనెవిటబుల్ - తప్పనిసరి.' ఇంకేం మాట్లాడను?

నిజానికి మీరు వేసిన అర్థం తప్పు అనడానికి లేదు. తెలుగులో తప్పనిసరి అనే మాట రెండు పనులూ చేస్తుంది. హెల్మెట్ తప్పనిసరి అంటే రూలు అలా ఉంది, పెట్టుకోకపోతే చలానా వస్తుంది అని. ఇంగ్లిష్ మాట అది కాదు, ఎవరెంత గింజుకున్నా ఆగకుండా వచ్చి తీరేది ఇనెవిటబుల్. ముసలితనం ఇనెవిటబుల్. మే నెలలో ఖమ్మంలో ఉక్కపోత ఇనెవిటబుల్. హెల్మెట్ నిజంగానే ఇనెవిటబుల్ అయితే ట్రాఫిక్ పోలీసులకి పనేముంది, పొద్దున్నే లేచేసరికి దానంతటదే నెత్తిమీద ఉంటుంది. ఇక్కడ రాయాల్సింది కంపల్సరీ అనో మాండేటరీ అనో. నాకు బాధ కలిగించింది ఏంటంటే కంపల్సరీ అనే మాట వాడికి ఐదో తరగతి నుంచీ తెలుసు. తెలిసిన సరైన మాటని పక్కన పెట్టేసి, పెద్ద మాట రాస్తే రెండు మార్కులు ఎక్కువొస్తాయని మీ పెట్టెలోది తెచ్చి పెట్టాడు.

ఇది వాడి తెలివితక్కువతనం అని మాత్రం అనుకోకండి. మన మాటల్నే తీసుకుని చూద్దాం. తెలుగు నేర్చుకుంటున్న పరాయి దేశం మనిషి ఎవరికో మనం 'పస్తు అంటే అన్నం తినకుండా ఉండటం' అని ఒక్క ముక్కలో అర్థం చెప్పి పంపించామనుకోండి. ఆయన శివరాత్రికి మీ ఇంటికొచ్చి, 'ఈరోజు మీ ఇంట్లో అందరూ పస్తేనా అండీ?' అని అడుగుతాడు. మీ ఇంటావిడ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి! దేవుడి పేరు మీద మానేస్తే ఉపవాసం. ఇంట్లో గింజల్లేక మానేస్తే పస్తు. జ్వరమొచ్చి మానేస్తే లంఖణం. ఒక పూట తిని ఒక పూట మానేస్తే ఒక్కపొద్దు. కలెక్టరేట్ ముందు టెంటు వేసుకుని మానేస్తే నిరాహార దీక్ష. మొగుడి మీద అలిగి మానేస్తే దానికి మాత్రం కడుపు మాడ్చుకోవడం అనే అంటాం. అన్నిట్లోనూ ఖాళీగా ఉన్నది ఒకటే కడుపు, డిక్షనరీలో రాసే మొదటి ముక్క కూడా ఒకటే. తేడా అంతా ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నదాంట్లో ఉంది, అది తెలియాలంటే ఆ మాట ఉన్న వాక్యం వినాలి. మనం వాక్యాలే విన్నాం కాబట్టి మనకెప్పుడూ పొరపాటు రాదు. బియ్యం నిండుకున్నాయి అంటే డబ్బా ఖాళీ అయిందని మన ఇళ్లలో ఐదేళ్ల పిల్లకి కూడా తెలుసు, నిండు అనే మాటకి అర్థం మాత్రమే నేర్చుకున్నవాడు డబ్బా మూత తీసి ఆశ్చర్యపోతాడు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. 1987లో జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో రాశారు. బళ్లో పిల్లలకి డిక్షనరీ ఇచ్చి, కొత్త మాట అర్థం చూసుకుని దాంతో వాక్యం రాయమన్నారు. ఎరోడ్ అనే మాటకి డిక్షనరీలో 'ఈట్ అవుట్' అని ఉంది, అంటే ఏరు ఒడ్డుని కొంచెం కొంచెం కొరికేసినట్టు అని. పిల్ల అది చూసి, ఈట్ అవుట్ అంటే హోటల్‌కెళ్లి తినడమే కదా అనుకుని, 'మా కుటుంబం చాలా ఎరోడ్ అవుతుంది' అని రాసింది. స్టిమ్యులేట్, అంటే ఉత్సాహం కలిగించడం, దానికి డిక్షనరీలో కలిపి కదపడం అన్నట్టుగా ఉంటే ఇంకొకళ్లు 'మిసెస్ మారో సూపుని స్టిమ్యులేట్ చేసింది' అని రాశారు. వాళ్లు ఇంగ్లిష్ ఉగ్గుపాలతో తాగిన పిల్లలండీ! వాళ్లకే అలా అయితే మా ఖమ్మం పిల్లాడి హెల్మెట్ ఎంత.

అయితే ఒక్క విషయం ఒప్పుకోవాలి, లేకపోతే నాది కూడా సగం మాటే అవుతుంది. అదే వ్యాసంలో, డిక్షనరీ అర్థం లేకుండా ఒక్క వాక్యం చూపించినా పిల్లలు బోల్తా పడ్డారని ఉంది. రాజు సింహాసనాన్ని యూజర్ప్ చేశారు, అంటే హక్కు లేకుండా లాక్కున్నారు, అనే లాంటి వాక్యం చూసి, ఓహో, యూజర్ప్ అంటే తీసుకోవడం అన్నమాట అనుకున్నారు, 'గదిలోంచి నీలం కుర్చీని యూజర్ప్ చేశారు' అని రాశారు. సింహాసనమూ కుర్చీయే కదా అని కాబోలు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది, ఎందుకంటే అప్పటిదాకా నేను పిల్లలకి ఒక మాటకి ఒకే వాక్యం చెప్పి వదిలేసేదాన్ని. ఒక్క వాక్యంలో మాట ఒక వైపు నుంచే కనబడుతుంది. అర్థమూ కావాలి, వాక్యాలు కనీసం రెండు కావాలి, వీలైతే మూడు.

అసలు డిక్షనరీలు ఎలా పుట్టాయో తెలిస్తే మనం చేస్తున్నది ఎంత తలకిందుల పనో అర్థమవుతుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీకి 1879లో జేమ్స్ మర్రే ఎడిటరయ్యాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, పుస్తకాలు చదివే జనానికి విజ్ఞప్తి చేయడం. మీరు చదివే పుస్తకంలో ఏ మాట కనబడితే ఆ మాటనీ, అది ఉన్న వాక్యాన్నీ చీటీ మీద రాసి పంపండి అని. లక్షల చీటీలు వచ్చాయి. వాటిని మాటల వారీగా సర్ది, ఒక మాట తాలూకు చీటీలన్నీ ముందేసుకుని చూసి, అప్పుడు అర్థం రాసేవాళ్లు. 1884లో మొదటి భాగం వచ్చింది, ఆఖరి భాగం 1928లో. మర్రే గారు 1915లోనే పోయారు. అంటే ఏంటి, ముందు వాక్యాలు, తర్వాత అర్థం. అంత కష్టపడి వాళ్లు చీటీల గుట్టలోంచి పిండిన ఒక్క లైను మనం తీసుకుని, చీటీలన్నీ పారేసి, ఆ ఒక్క లైనుని మళ్లీ ఒక తెలుగు ముక్క చేసి, పిల్లలకి బట్టీ పట్టమంటున్నాం.

మన బ్రౌన్ దొర కూడా అంతే. సీపీ బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తిరగేసి చూడండి, చాలా మాటలకి పద్యం ముక్కో, జనం వాడే వాక్యమో పక్కనే కనిపిస్తుంది. వాడుక చూపిస్తేనే మాట తెలుస్తుందని పరాయి దేశం నుంచి వచ్చిన మనిషికి తెలిసింది, ఎందుకంటే తను కూడా ఆ బాధ పడే నేర్చుకున్నాడు.

ఇంకో గొడవ ఉంది, ఇది మీ పెట్టె ఒక్కదానిదే కాదు, మన ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీలన్నిటిదీ. ఎఫెమరల్ అనే మాటకి మీరు వేసింది 'క్షణభంగురమైన'. యుబిక్విటస్ అంటే 'సర్వవ్యాప్తమైన'. మా పిల్లలకి క్షణభంగురం అంటే తెలియదు సార్. ఇంతకుముందు వాడికి తెలియని మాట ఒకటే, మీ పెట్టె చదివాక రెండు. పోనీ ఇంగ్లిష్-ఇంగ్లిష్ చూసుకుందామా అంటే చిన్న డిక్షనరీల్లో అబ్‌స్ట్రూస్ దగ్గర రెకాండైట్ అని ఉంటుంది, రెకాండైట్ దగ్గరికెళ్తే అబ్‌స్ట్రూస్ అని ఉంటుంది, గానుగెద్దులా తిరగడమే. ఈ బాధ తెలిసిన మనిషి మైఖేల్ వెస్ట్. ఆయన ఢాకాలో పనిచేసిన ఇంగ్లిష్ దొర, బెంగాలీ పిల్లలు ఇంగ్లిష్‌తో పడే అవస్థ చూసి, 1935లో ఒక డిక్షనరీ తెచ్చాడు. అందులో 24 వేల అంశాలకి అర్థాలుంటే, ఆ అర్థాలన్నీ రాయడానికి వాడింది 1,490 మాటలే. ఆ మాటలు వచ్చినవాడు మొత్తం డిక్షనరీ చదువుకోగలడు. తర్వాత హోర్న్‌బీ అనే ఆయన జపాన్‌లో పిల్లలకి ఇంగ్లిష్ చెబుతూ 1942లో అక్కడే ఒక డిక్షనరీ అచ్చువేయించాడు, మా డిగ్రీ రోజుల్లో చంకలో పెట్టుకు తిరిగిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ దాని పిల్లే. చూడండి విచిత్రం, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకి పనికొచ్చే డిక్షనరీల మొదలు లండన్‌లో కాదు, ఢాకాలోనూ టోక్యోలోనూ. మనలాంటి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పినవాళ్లు చేసినవి అవి.

అందుకని ఎఫెమరల్ దగ్గర 'ఇలా వచ్చి అలా పోయేది' అని వేస్తే మీ సొమ్మేం పోతుంది? యుబిక్విటస్ దగ్గర 'ఎటు చూసినా అదే కనబడేది, హైదరాబాద్‌లో బిర్యానీ బోర్డుల్లా' అని వేయండి. మా పిల్లలు చచ్చినా మర్చిపోరు.

ఇక మాటల స్నేహాల సంగతి. మీ విలేకరులకి ఇది నేను చెప్పక్కర్లేదు. కరుడుగట్టిన అని రాయగానే తర్వాత వచ్చేది నేరస్తుడో తీవ్రవాదో అని చదివేవాడికి ముందే తెలిసిపోతుంది, కరుడుగట్టిన డాక్టర్ అని మీరు ఎప్పుడూ రాయరు. ఇంగ్లిష్ మాటలకీ ఇలాంటి జట్లు ఉన్నాయి. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ అనే ప్రొఫెసర్ కంప్యూటర్‌లోకి కోట్ల మాటల వాడుక ఎక్కించి, దాన్నిబట్టి ఒక డిక్షనరీ తెచ్చాడు, అదీ 1987లోనే. అందులో అర్థాలు కూడా పూర్తి వాక్యాలుగానే ఉంటాయి. ఆయన గమనించిన సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. 'సెట్ ఇన్' అంటే మొదలవడం, అంతవరకు ఏ డిక్షనరీ అయినా చెబుతుంది. కానీ వాడుకలో చూస్తే సెట్ ఇన్ అయ్యేవి దాదాపు అన్నీ చెడ్డవే, కుళ్లు, నిరాశ, ఇన్ఫెక్షన్. పెళ్లి భోజనాలు సెట్ ఇన్ కావు. ఎక్సాసర్‌బేట్ కూడా అంతే. దానికి మీరు 'పెంచు' అని వేశారు ఒకసారి. మా దగ్గర ఇంటర్ అమ్మాయి ఒకతి, రోజూ వ్యాయామం ఆరోగ్యాన్ని ఎక్సాసర్‌బేట్ చేస్తుందని రాసింది. పాపం. ఆ మాట పెంచేది రోగాన్ని, గొడవని, కరువుని. ఉన్న కష్టాన్ని ఇంకా ఎక్కువ చేయడం. పుండు మీద కారం అన్నామంటే చాలు, అర్థం, వాడుక రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

జీఆర్‌ఈ పిల్లల సంగతి ఇంకా ఘోరం. వాళ్ల దగ్గర వేయి మాటల లిస్టులు, మూడు వేల మాటల లిస్టులు పీడీఎఫ్‌లు ఉంటాయి, ఫోన్‌లో ఒకళ్ల నుంచి ఒకళ్లకి పోతూ ఉంటాయి. ఒకమ్మాయి, బాగా చదివే పిల్ల, అమెరికా యూనివర్సిటీకి పంపే వ్యాసం నాకు చూపించింది. తన ప్రాజెక్ట్ గైడ్ గురించి, ఆయన తన రంగంలో 'నొటోరియస్' అని రాసింది. లిస్టులో 'వైడ్లీ నోన్' అని ఉంది మేడం అంది. ఉంది, నిజమే. బాగా పేరున్నవాడే, కాకపోతే ఆ పేరు పోలీస్ స్టేషన్ గోడ మీద ఉండే రకం పేరు. అదే ప్రొఫెసర్ ఆ పిల్లకి సిఫార్సు ఉత్తరం కూడా రాస్తున్నాడు! పంపకముందే నా కంట పడింది కాబట్టి సరిపోయింది.

ఇందులో నాకు అర్థం కానిది ఏంటంటే, ఆ పరీక్ష పెట్టేవాళ్లే ఎప్పుడో మారిపోయారు. ఒకప్పుడు జీఆర్‌ఈలో వ్యతిరేక పదాలు అడిగేవాళ్లు, ఇదుంటే అది అన్నట్టు జంటల పోలికలు అడిగేవాళ్లు, వాటికి లిస్టు బట్టీ పనికొచ్చేది. 2011 ఆగస్టులో రెండూ ఎత్తేశారు. ఇప్పుడు మాటల ప్రశ్నలన్నీ వాక్యంలో ఖాళీ పెట్టి అడిగేవే. ఒక రకం ప్రశ్నలో ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెడితే వాక్యం అర్థం ఒకేలా కుదురుతుందో చెప్పమంటారు. అందులో కావాలనే ఒక జత సమానార్థకాలు ఆ వాక్యానికి అతకనివి కూడా పడేస్తారు. లిస్టు బట్టీ పట్టినవాడు సంతోషంగా ఆ జతనే ఎంచుకుని నెగ్గానని అనుకుంటాడు. పరీక్ష వాక్యంలోకి వెళ్లిపోయింది, మన కోచింగులు మాత్రం ఇంకా లిస్టు దగ్గరే ఉన్నాయి. పదివేలు, పదిహేను వేలు ఫీజు కట్టి మరీ.

బట్టీనే తప్పంటున్నావా అని మా ఇంట్లోనే అడిగారు. మా మామగారు సంస్కృతం చదువుకున్నవారు, చిన్నప్పుడు అమరకోశం వల్లెవేసిన తరం. సమానార్థకాల లిస్టు అది, శ్లోకాల్లో. మేం నేర్చుకోలేదా అంటారు ఆయన. నేర్చుకున్నారు మామయ్యగారూ, కానీ ఆ తర్వాత మీ గురువుగారు రఘువంశం చెప్పారు కదా, అక్కడ ఆ మాటలన్నీ ఒక్కోటే శ్లోకంలో ఎదురొచ్చాయి కదా, మా పిల్లలకి ఆ రఘువంశం ఎక్కడుంది, వీళ్లకి అమరంతోనే అయిపోతోంది అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కాఫీ అడిగారు. నేను బట్టీకి వ్యతిరేకిని కాను, మాట బదులు వాక్యం బట్టీ పట్టండి అంటాను. సుమతీ శతకం పద్యాలు మనకి నోటికొచ్చు కాబట్టే అందులోని మాటలు అర్థం తెలిసినా తెలియకపోయినా నోట్లో ఆడుతూ ఉంటాయి.

నేను చేసే పని చెబుతాను, పెద్ద గొప్పేమీ కాదు. ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖలన్నీ దాచి, వెనకవైపు ఖాళీ అట్టని చిన్న ముక్కలుగా కత్తిరిస్తాను. అట్ట ఒక వైపు ఇంగ్లిష్ వాక్యం, మాట ఉండాల్సిన చోట గీత. రెండో వైపు మాట, దాని అర్థం తేలిక తెలుగులో. చెప్పుల డబ్బాలో మూడు అరలు చేశాను. అన్ని అట్టలూ మొదటి అరలో మొదలవుతాయి, సరిగ్గా చెబితే అట్ట వెనక అరలోకి, తప్పితే మళ్లీ మొదటికి. మొదటి అర రోజూ తీస్తాం, రెండోది వారానికోసారి, మూడోది నెలకోసారి. ఈ డబ్బా పద్ధతి లైట్‌నర్ అనే జర్మన్ జర్నలిస్టు 1972లో రాసిందని తర్వాత తెలిసింది, చెప్పుల డబ్బా ఆలోచన మాత్రం నాదే. ఇంగ్లిష్ వాక్యం రాయడానికి ముందు నోటితో తెలుగు వాక్యంలోనే ఆ మాట పెట్టి చెబుతాను. మా అమ్మమ్మ ఫ్రూగల్, పూల దండకొచ్చిన దారం కూడా ఉండ చుట్టి దాచేది. మా బాబాయి స్టింజీ, ఇంటికొచ్చినవాళ్లకి టీ పోయించడానికి కూడా చెయ్యి రాదు. చెప్పాక పొదుపరి, పిసినారి అని తెలుగు మాటలు వాళ్లే అందిస్తారు, ఇలా తెలుగులో అచ్చంగా అతికే మాట ఉన్నప్పుడు ఒక్క ముక్క చాలు, అక్కడ నాకేం పేచీ లేదు.

వాక్యం ఎలాంటిదై ఉండాలంటే, అందులోంచి మాట తీసేసి గీత పెట్టినా చదివేవాడికి ఆ గీతలో ఏముండాలో సుమారుగా తట్టాలి. గైడ్లలో ఉండే 'హి ఈజ్ ఎ గ్రిగేరియస్ మ్యాన్' లాంటి వాక్యాలు వాక్యాలు కావు, కాగితం ఖర్చు. గ్రిగేరియస్ తీసేసి అక్కడ టాల్ పెట్టండి, బ్లైండ్ పెట్టండి, పాకిస్తానీ పెట్టండి, ఏదైనా కుదురుతుంది. అదే, బస్సెక్కిన పది నిమిషాల్లో పక్క సీటువాళ్ల ఊరు, కులం, కూతురి సంబంధాలు అన్నీ కనుక్కునే మా పెద్దత్త గ్రిగేరియస్ అని రాస్తే ఇంక అర్థం వేరే చెప్పాలా?

ఇప్పుడు మీ పెట్టె సంగతికి వస్తాను. రోజుకి పది మాటలు వద్దండీ. పది చొప్పున ఏడాదికి 3,650 అవుతాయి, ఒక్కరికైనా అందులో వంద గుర్తుంటాయా, నాకే ఉండవు. న్యూజీలాండ్ ప్రొఫెసర్ పాల్ నేషన్ 2006లో లెక్కవేసిన ప్రకారం ఇంగ్లిష్ నవలో పేపరో ఒకరి సాయం లేకుండా సుఖంగా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల మాటల కుటుంబాలు తెలిసుండాలి, కుటుంబం అంటే ఒక మాటా దాంట్లోంచి పుట్టిన రూపాలూ కలిపి. అన్నేసి మాటలు ఏ పెట్టెలోంచీ రావు, చదివితేనే వస్తాయి. పెట్టె చేయగలిగింది చదవడానికి ధైర్యం ఇవ్వడం. అందుకని రోజుకి ఒక్క మాట, మహా అయితే రెండు. తేలిక తెలుగులో అర్థం. ఆ రోజు మీ పేపర్లోనే ఉన్న వార్త మీద రెండు వాక్యాలు, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారనో, మిర్చి ధర పడిపోయిందనో, ఉప్పల్లో మ్యాచ్ వానకి ఆగిందనో. పిల్లవాడు పొద్దున్న ఇంట్లో విన్న వార్తే ఇంగ్లిష్ వాక్యంలో కనబడితే ఆ మాట ఎక్కడికి పోతుంది? ఆ మాట జట్టు కట్టే మాటలు ఒక లైను. మాట్లాడేటప్పుడు వాడొచ్చా లేక రాతకే పనికొస్తుందా అన్నది ఒక ముక్క, ఎందుకంటే మా ఇంకో శిష్యుడు మెస్‌లో సాంబార్ గిన్నె దగ్గర నిలబడి 'కైండ్లీ రెప్లెనిష్', అంటే దయచేసి మళ్లీ నింపండి, అన్నాడట, వడ్డించేవాడు ఇంకా చూస్తూనే ఉన్నాడట. వారం తర్వాత అదే మాట మళ్లీ వేయండి, వేరే వాక్యంతో. జాగా ఇంతే ఉందంటారేమో, పది మాటలు పట్టే జాగాలో ఒక మాట రెండు వాక్యాలు సుబ్బరంగా పడతాయి, స్కేలు పెట్టి కొలిచే చెబుతున్నాను.

రాసేవాళ్లు లేరంటే మా ట్యూషన్ పిల్లలు ముప్పై మాటలకి రాసిన వాక్యాలు ఈ కవర్లోనే పెట్టాను, నేను దిద్దినవే, వాడుకోండి, పేర్లు కూడా అక్కర్లేదు. అందులో పదకొండోది మన హెల్మెట్ పిల్లాడిది. 'మా నాన్న హెల్మెట్ కంపల్సరీ అని తెలిసినా పెట్టుకోలేదు, కాబట్టి చలానా ఇనెవిటబుల్' అని దాని భావం, రెండు మాటలూ ఒకే వాక్యంలో ఇరికించాడు. వాళ్ల నాన్నకి చూపించకుండా వేయండి.

చివరగా చిన్న మనవి. మేం ఆ పెట్టెని కత్తిరించి అంటిస్తామని చెప్పాను కదా. దాని వెనక పేజీలో సరిగ్గా అదే చోట మీరు శ్రద్ధాంజలి ప్రకటనలు వేస్తున్నారు. కత్తిరించినప్పుడల్లా పాపం ఎవరో పెద్దాయన ఫోటో సగానికి తెగుతోంది, పిల్లలు భయపడుతున్నారు, నాకూ మనసొప్పడం లేదు. వెనకవైపు టెండర్ నోటీసులు వచ్చేలా చూడగలరా?

ఇట్లు
ఒక ట్యూషన్ టీచర్
ఖమ్మం